లేమి వేరు, లోపం వేరు: పరిమిత వ్యయ యుద్ధచిత్రాలపై ప్రేక్షక స్పందన – ఉద్దానం దృష్టి

వ్యాససంగ్రహం

తక్కువ ఖర్చుతో తీసిన యుద్ధచిత్రం గురించి ప్రేక్షకులు వెలిబుచ్చే అభిప్రాయాలలో రెండు వేర్వేరు ఆరోపణలు కలగలిసి ఉంటాయి. చిత్రానికి డబ్బు చాలలేదన్నది మొదటిది. చూడవలసిన దానిని చిత్రం చూడలేదన్నది రెండవది. ఈ వ్యాసం మొదటిదానిని 'లేమి' అని, రెండవదానిని 'లోపం' అని వేరుచేస్తుంది. పారాట్రూపర్ల కథతో వచ్చిన ఒక అమెరికన్ చిత్రాన్ని, తెలుగులో వచ్చిన 'కంచె' (2015), 'ఘాజీ' (2017) చిత్రాలను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు చరిత్రానుభవం దృష్ట్యా పరిశీలిస్తుంది. లేమిని మన్నించవచ్చుననీ, ఒక్కొక్కసారి అది చిత్రానికి మేలు కూడా చేస్తుందనీ, సైనికుడి ఇంటిని, వేతనాన్ని, తిరిగిరాకను చూపకపోవడం మాత్రం ఖర్చుతో సంబంధం లేని లోపమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యుద్ధచిత్రం, పరిమిత వ్యయం, ప్రేక్షక స్పందన, పారాట్రూపర్లు, ఉద్దానం, రంగం వలస, కంచె, ఘాజీ.

1. ఉపోద్ఘాతం

సినిమా ప్రక్రియలలో యుద్ధచిత్రం ఖరీదైనది. విమానాలు, ట్యాంకులు, వందలాది సైనికులు, కూలిన ఊళ్ళు – వీటిలో ఏది చూపాలన్నా డబ్బు కావాలి. రెండవ ప్రపంచయుద్ధంలోని అమెరికన్ పారాట్రూపర్ల కథను 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' అనే టెలివిజన్ ధారావాహిక 2001లో పది భాగాలుగా చెప్పింది. దానికి సుమారు పన్నెండున్నర కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అదే యుద్ధం నేపథ్యంగా ర్యాన్ లిటిల్ 2003లో తీసిన 'సెయింట్స్ అండ్ సోల్జర్స్' పది లక్షల డాలర్ల లోపు ఖర్చుతో పూర్తయింది. అదే దర్శకుడు 2012లో అదే పేరుకు 'ఎయిర్‌బోర్న్ క్రీడ్' అన్న మాట చేర్చి ముగ్గురు పారాట్రూపర్ల కథను చిన్న చిత్రంగానే తీశాడు. ఈ రెండు తరహాల చిత్రాలను ఒకే కొలతతో కొలవడం సాధ్యమా అన్నది విమర్శకు మౌలికమైన ప్రశ్న.

తెలుగులో ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. రెండవ ప్రపంచయుద్ధాన్ని నేపథ్యంగా తీసుకున్న 'కంచె' 2015 అక్టోబరు 22న విడుదలయింది. దానికి మూడు నెలల ముందు, జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. 1971 నాటి సముద్ర యుద్ధాన్ని చూపిన 'ఘాజీ' 2017 ఫిబ్రవరి 17న వచ్చింది. మరో రెండు నెలలకు, ఏప్రిల్ 28న 'బాహుబలి' రెండవ భాగం విడుదలయింది. తెలుగు ప్రేక్షకుడి కంటికి యుద్ధమంటే ఎంత పెద్దదిగా ఉండాలో నిర్ణయమవుతున్న కాలంలోనే ఈ రెండు చిన్న యుద్ధచిత్రాలు వచ్చాయి. రెండూ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందాయి. అయినా వాటిపై జరిగిన చర్చ చాలామేరకు నిర్మాణ స్థాయి, దేశభక్తి అనే రెండు అంశాల చుట్టూనే తిరిగింది.

ఆ చర్చను నగరపు సమీక్షల నుంచి కాక ఉద్దానం నుంచి చూస్తే ఏమవుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. ఇది ప్రేక్షకుల సర్వే కాదు. ఒక ప్రాంతానికి యుద్ధంతో, సైన్యంతో ఉన్న చారిత్రక సంబంధాన్ని కొలమానంగా నిలిపి చేసే విమర్శ.

2. ఉద్దానం – యుద్ధంతో మూడు సంబంధాలు

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో సముద్రానికి దగ్గరగా విస్తరించిన కొబ్బరి, జీడి, పనస తోటల నేల ఉద్దానం. 'ఉద్యానం' అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. దక్షిణాన టెక్కలి, నౌపడ, భావనపాడు తీరం దీనికి ఆనుకొని ఉన్నాయి. కోల్‌కతా–చెన్నై రైలుమార్గంలో ఈ ప్రాంతానికి ముఖద్వారం పలాస. యుద్ధంతో ఈ ప్రాంతానికి మూడు విధాలైన సంబంధాలున్నాయి.

మొదటిది రంగం. ఉత్తరాంధ్ర తీరంలో రంగూన్‌ను రంగమనే అన్నారు. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం వంటి రేవుల నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళి, వరికోతలలో, బియ్యపు మిల్లులలో, రేవుల్లో బరువులు మోసి బతికినవారు ఈ తీరంలో ఎందరో. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. ఆ తరువాతి నెలల్లో లక్షలాది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. ఓడ టిక్కెట్టుకు డబ్బు లేనివారు కొండదారులు పట్టారు. కొందరు అరకాన్ వైపు నుంచి చిట్టగాంగుకు, కొందరు టాము మీదుగా మణిపూర్‌కు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి వల్ల దారిలోనే వేలమంది చనిపోయారు. యుద్ధం ఇక్కడి తీరానికి కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. నేటి శ్రీకాకుళం జిల్లా ప్రాంతం అప్పుడు విశాఖపట్నం జిల్లాలో భాగం. ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1950లో.

రెండవది మిలట్రీ. శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో సైన్యంలో, కేంద్ర బలగాలలో పనిచేసేవారూ, పనిచేసి వచ్చినవారూ ఉన్న కుటుంబాలు అరుదు కాదు. భూమి తక్కువ, పరిశ్రమ తక్కువ అయిన చోట అది నెలజీతం, పింఛను, కేంటీను కార్డు ఉన్న ఉద్యోగం. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అగ్నిపథ్ పథకం సిపాయి కొలువును నాలుగేళ్ళకు కుదించింది. ఆ తరువాత నాలుగోవంతు మందినే కొనసాగిస్తామంది. సైన్యం ఒక ఆశయం మాత్రమే అయిన చోట ఇది విధాన చర్చ. సైన్యం జీవనాధారమైన చోట ఇది ఇంటి సమస్య.

మూడవది సాయుధ బలగాలు ఊళ్ళలోకి రావడం. శ్రీకాకుళ రైతాంగ పోరాట కాలంలో, ముఖ్యంగా 1968–70 మధ్య, ఉద్దానంలోని బొడ్డపాడు వంటి గ్రామాలు పోరాటానికీ, దానిపై సాగిన అణచివేతకూ కేంద్రాలయ్యాయి. జముకులకథను ప్రజల మధ్యకు తీసుకెళ్ళిన కళాకారుడు సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించాడు. తరువాతి తరానికి 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి సమీపంలోని కాకరాపల్లి వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రాల వ్యతిరేక ఆందోళనలపై జరిగిన కాల్పులు తెలుసు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి.

అందువల్ల ఇక్కడి చూపుకు యూనిఫారం ఒక్క అర్థాన్నే ఇవ్వదు. లీవు మీద ఇంటికొచ్చిన కొడుకు ఒంటి మీదిదీ యూనిఫారమే, ఊరిని చుట్టుముట్టినవారిదీ యూనిఫారమే. యుద్ధచిత్రంలోని యూనిఫారానికి సాధారణంగా ఇంత బరువు ఉండదు.

3. స్పందనలోని కొలమానాలు

పరిమిత వ్యయ యుద్ధచిత్రాలపై వచ్చే అభిప్రాయాలను స్థూలంగా మూడు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటి వర్గం వస్తుసత్యాన్ని అడుగుతుంది. ఆ ఏడాదికి ఆ తుపాకి వచ్చిందా, భుజం మీది గుర్తు సరైనదేనా, ఆ చెట్లు ఆ దేశంలో పెరిగేవేనా వంటి ప్రశ్నలు ఇందులోవి. సైనిక చరిత్ర తెలిసినవారు, మాజీ సైనికులు ఇటువంటివి వెంటనే పట్టుకుంటారు. రెండవ వర్గం పరిమాణాన్ని, వేగాన్ని అడుగుతుంది. పదిమందితో యుద్ధమేమిటి, మాటలెక్కువ కాల్పులు తక్కువ అన్న ఫిర్యాదులు దీనికి చెందుతాయి. మూడవ వర్గం చరిత్రసత్యాన్ని అడుగుతుంది. ఇది నిజంగా జరిగిందా, ఎవరి కథనం ప్రకారం జరిగింది అన్నది వారి ప్రశ్న.

మొదటి రెండు వర్గాలవీ ప్రధానంగా లేమికి సంబంధించిన ఆరోపణలు. మూడవదానిలో లేమి, లోపం రెండూ కలుస్తాయి. ఉద్దానం అనుభవం నుంచి మరొక ప్రశ్న పుడుతుంది: ఈ సైనికుడు ఎవరి ఇంటి నుంచి వచ్చాడు, ఎందుకు వచ్చాడు, అతడి తరువాత ఆ ఇల్లు ఏమయింది? దీనికి సమాధానం చూపడానికి విమానం అక్కరలేదు. ఒక పెంకుటిల్లు, ఒక ఉత్తరం, ఒక రైల్వే ప్లాట్‌ఫారం చాలు. అందువల్ల ఈ ప్రశ్నకు సమాధానం చెప్పని చిత్రం డబ్బు లేమిని సాకుగా చూపలేదు. లేమికీ లోపానికీ మధ్య గీత గీయవలసింది ఇక్కడే.

4. పారాట్రూపర్ కథ: లేమి చరిత్రకు దగ్గరైన చోటు

పారాట్రూపర్ల కథలో అత్యంత ఖరీదైన దృశ్యం ఆకాశం నుంచి దూకడం. 1977లో వచ్చిన 'ఎ బ్రిడ్జ్ టూ ఫార్' వంటి భారీ చిత్రం ఆకాశాన్ని పారాచూట్లతో నింపగలిగింది. చిన్న చిత్రానికి ఆ స్తోమత ఉండదు కనుక అది కథను నేలమీద మొదలుపెడుతుంది. 'ఎయిర్‌బోర్న్ క్రీడ్' నేపథ్యం 1944 ఆగస్టు 15న దక్షిణ ఫ్రాన్స్‌పై మిత్రరాజ్యాలు చేసిన డ్రాగూన్ దాడి. దళం నుంచి చెదిరిపోయిన ముగ్గురు సైనికులు చెట్ల మధ్య ఒకరినొకరు వెతుక్కుంటారు. ఫ్రెంచి ప్రతిఘటన వీరులకు సాయపడతారు. వారిలో ఒకరికి జర్మన్ అధికారి కేవలం శత్రువుగా కాక మరో మనిషిగా ఎదురవుతాడు. ఫ్రాన్స్ అడవులుగా కనిపించేవి అమెరికాలోని యూటా రాష్ట్రపు అడవులు.

పరిమాణాన్ని అడిగే ప్రేక్షకుడికి ఇది నిరాశ కలిగిస్తుంది. అయితే చరిత్ర ఇక్కడ చిన్న చిత్రం పక్షానే ఉంది. నార్మండీలోనూ, డ్రాగూన్‌లోనూ చీకటి, మబ్బు, పొగమంచు కారణంగా పారాట్రూపర్లు అనుకున్న చోటికి దూరంగా చెల్లాచెదురుగా దిగారు. దళం కనిపించక, దారి తెలియక, ఇద్దరు ముగ్గురుగా తిరగడం వారిలో చాలామంది నిజానుభవం. పెద్ద చిత్రంలో ఆకాశమంతా నిండిన పారాచూట్లు సేనాధిపతి చూసే దృశ్యం. పొదల్లో ముగ్గురు సిపాయి చూసే దృశ్యం. డబ్బు లేక ఎంచుకున్న పరిధి సిపాయి దృష్టికి దగ్గరయింది. లేమి మేలు చేసిన సందర్భమిది.

లోపం మరో చోట ఉంది. ఆ ఊళ్ళలో ఉన్న ఫ్రెంచి ప్రజలు చిత్రంలో సైనికుల సాహసానికి తోడ్పడేవారిగానే మిగిలారు. యుద్ధం వారి పొలాల మీదుగా వెళ్ళిందన్న స్పృహ బలంగా లేదు. బర్మా కొండదారులు నడిచినవారి వారసులకు ఈ లోపం కనబడకపోదు.

భారతీయ పారాట్రూపర్ల చరిత్ర ఉద్దానానికి తగిలేది కూడా ఆ దారిలోనే. 1941 అక్టోబరులో ఏర్పడిన 50వ భారత పారాచూట్ బ్రిగేడ్ 1944 మార్చి 21 నుంచి 26 వరకు మణిపూర్ కొండల్లోని సాంగ్‌షాక్ వద్ద జపాన్ సేనలను నిలువరించింది. పారాచూట్లు లేకుండా, నీరు చాలకుండా నేలమీద చేసిన పోరాటమది. రెండేళ్ళ ముందు రంగం నుంచి పారిపోయి వచ్చినవారు నడిచింది కూడా మణిపూర్ కొండల్లోనే. 1945 మే 1న రంగూన్‌ను తిరిగి పట్టుకోవడానికి జరిపిన డ్రాకులా దాడిలో గూర్ఖా పారాచూట్ బెటాలియన్ ఎలిఫెంట్ పాయింట్ వద్ద దిగింది. అది రంగూన్ నదీముఖం. మన తీరపు రేవుల నుంచి వెళ్ళిన కూలీల ఓడలు రంగం చేరాలంటే ఆ నదీముఖం గుండానే లోపలికి పోవాలి.

ఒకే నదీముఖాన్ని కూలీ ఓడ మీది నుంచి చూశాడు, పారాట్రూపర్ ఆకాశం నుంచి చూశాడు. ఈ రెండు చూపులనూ ఒక కథలో కలిపే అవకాశం తెలుగు యుద్ధచిత్రానికి ఉంది. 'కంచె' యుద్ధాన్ని ఇటలీలో వెతకడం తప్పు కాదు. నాలుగు, ఎనిమిది, పది సంఖ్యల భారత డివిజన్లు ఇటలీలో పోరాడాయి. కానీ తెలుగు తీరానికి ఇంటివరకు వచ్చిన యుద్ధం బర్మా యుద్ధం.

5. 'కంచె': ఊరు ఉంది, కూలి లేదు

క్రిష్ జాగర్లమూడి దర్శకత్వం వహించిన 'కంచె' ప్రత్యేకత దాని నిర్మాణంలోనే ఉంది. 1944లో ఇటలీ రంగంలో శత్రురేఖల వెనుక చిక్కుకున్న కొద్దిమంది భారతీయ సైనికుల కథ ఒకవైపు సాగుతుంది. దేవరకొండ అనే గ్రామంలో కులం గీసిన కంచె కథ మరోవైపు సాగుతుంది. హరిబాబు పాత్రలో వరుణ్ తేజ్, సీతగా ప్రగ్యా జైస్వాల్, ఈశ్వర్ ప్రసాద్‌గా నికితిన్ ధీర్ నటించారు. బుర్రా సాయిమాధవ్ సంభాషణలు, సిరివెన్నెల సాహిత్యం, జ్ఞానశేఖర్ ఛాయాగ్రహణం చిత్రానికి బలాలు. ఇటలీ దృశ్యాలను జార్జియాలో తీశారు.

ఇక్కడ లేమి స్పష్టంగా కనిపిస్తుంది. యుద్ధం ఒక చిన్న దళానికి, ఒక పసిబిడ్డను కాపాడే ప్రయత్నానికి పరిమితమవుతుంది. అయితే ఇక్కడ కూడా లేమి చిత్రానికి మేలే చేసింది. దళం చిన్నది కాబట్టే, ఊళ్ళో కంచెకు అటూ ఇటూ నిలిచిన హరిబాబు, ఈశ్వర్ ఒకే దళంలో పక్కపక్కన నడవవలసి వచ్చింది. వేలమంది సైన్యంలో ఈ ఘర్షణకు ఇంత దగ్గరితనం ఉండేది కాదు. నాజీల జాతి ద్వేషాన్నీ ఊరి కుల ద్వేషాన్నీ ఒకే ప్రశ్నకు రెండు ముఖాలుగా చూపడం తెలుగు సినిమాలో సాహసమే. సైనికుడి ఊరిని చూపలేదన్న ఆరోపణ 'కంచె'కు వర్తించదు. సగం సినిమా ఊళ్ళోనే జరుగుతుంది.

వర్తించే ఆరోపణ వేరు. ఊరు ఉంది గానీ, ఊళ్ళో కూలి లేదు. రెండవ ప్రపంచయుద్ధంలో సుమారు 25 లక్షలమంది భారతీయులు సైన్యంలో చేరారు. వారిలో అత్యధికులను చేర్చినవి ఆకలి, అప్పు, జీతం. 'కంచె'లో సైనికుడి ప్రేరణ వ్యక్తిగతమైన ప్రేమ, విషాదం, ఆదర్శం. కథను నడిపే ఇద్దరూ అధికార హోదా ఉన్నవారు. సాధారణ సిపాయికి చిత్రంలో మనసున్నా చరిత్ర లేదు. అతడెందుకు చేరాడు, ఇంటికెంత పంపుతున్నాడు, తిరిగి వెళ్తే ఏ పొలం ఉంది అన్నవి చిత్రం అడగలేదు. కులాన్ని ఇంత తీవ్రంగా ప్రశ్నించిన చిత్రం, ఆ కులవ్యవస్థ అడుగున ఉన్నవాడికి సైన్యం ఒక దారిగా ఎందుకు కనిపించిందో అడగకపోవడం దాని ప్రధానమైన లోపం. ముగింపులో కంచె తొలగేది కూడా నాయకుడి బలిదానం వల్లనే తప్ప ఊరివాళ్ళ పోరాటం వల్ల కాదు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. కరుణకుమార్ దర్శకత్వంలో 2020 మార్చిలో వచ్చిన 'పలాస 1978' యుద్ధచిత్రం కాదు. కానీ అది కూడా పరిమిత వ్యయ చిత్రమే, హింస గురించినదే. జీడి వ్యాపారం, కులం, జానపద కళ ముడిపడిన పలాసను అది ఆ నేల మీద, ఆ యాసలో చూపింది. అందులో మనిషి ఆయుధం పట్టడానికి కారణం అతడు చేసే పనిలో, పడే అవమానంలో ఉంది. హింసకు ముందున్న జీవనాన్ని చూపడానికి పెద్ద ఖర్చు అవసరం లేదనడానికి ఈ చిత్రం నిదర్శనం. 'కంచె'లో సిపాయి పాత్రలకు దక్కనిది సరిగ్గా ఆ జీవనమే.

6. 'ఘాజీ': సముద్రం ఉంది, తీరం లేదు

సంకల్ప్ రెడ్డి తొలిచిత్రం 'ఘాజీ'కి మూలం 1971 డిసెంబరు 3–4 రాత్రి విశాఖపట్నం సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీ మునిగిపోయిన సంఘటన. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ అది బంగాళాఖాతానికి వచ్చింది. విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ వ్యూహం పన్నాడు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్ల ఘాజీ మునిగిందని భారత నౌకాదళం చెబుతూ వచ్చింది. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడే కారణమని పాకిస్తాన్ చెబుతుంది. చిత్రం ఈ రెండింటినీ పక్కనపెట్టి, లోకానికి తెలియని ఒక భారత జలాంతర్గామి ఘాజీతో తలపడినట్లు కల్పించింది.

లేమి ఇక్కడ చిత్రానికి ప్రాణమయింది. దాదాపు కథంతా ఇనుపగొట్టం వంటి గదుల్లో జరుగుతుంది. యుద్ధం కంటికి కాక చెవికి వినిపిస్తుంది. శత్రువు ఒక శబ్దం, ఒక లెక్క, ఒక నిరీక్షణ. రానా, కే కే మీనన్, అతుల్ కులకర్ణి పాత్రల మధ్య ఆవేశానికీ, ఆజ్ఞకూ, సంయమనానికీ జరిగే ఘర్షణే చిత్రానికి ఆయువు. తెలుగు యుద్ధచిత్రంలో వేచి ఉండటాన్ని ఇంత ఓర్పుగా చూపడం అరుదు. యుద్ధంలో అత్యధిక సమయం కాల్పులలో కాక ఎదురుచూపులో గడుస్తుందన్నది సైనికులందరికీ తెలిసినదే. ఈ విషయంలో చిన్న చిత్రం పెద్ద చిత్రం కంటే నిజాయితీగా ఉంది.

స్పందన వైపు చూస్తే ఒక సందర్భం పరిశీలించదగినది. సినిమాహాళ్ళలో ప్రదర్శనకు ముందు జాతీయగీతం వినిపించాలని సుప్రీంకోర్టు 2016 నవంబరు 30న ఆదేశించింది. చిత్రకథలో భాగంగా గీతం వచ్చినప్పుడు ప్రేక్షకులు నిలబడనక్కరలేదని 2017 ఫిబ్రవరి 14న స్పష్టం చేసింది. మూడు రోజులకు, జలాంతర్గామి సిబ్బంది జాతీయగీతం పాడే సన్నివేశమున్న 'ఘాజీ' విడుదలయింది. ఆ రోజుల్లో ఆ సన్నివేశం దగ్గర ప్రేక్షకుడి ముందున్నది చిత్రం గురించిన ప్రశ్న మాత్రమే కాదు. లేచి నిలబడాలా, కూర్చోవాలా, పక్కవాడు ఏం చేస్తున్నాడు అన్న ప్రశ్న కూడా. ఇటువంటి చోట ప్రేక్షకుడి కదలికను చిత్రంపై అభిప్రాయంగా లెక్కించడం పరిశోధనలో పొరపాటవుతుంది. సైనికుడి కొలువు మీద బతికే ఇంటివారు లేచినా, కూర్చున్నా, ఆ కదలికకు అర్థం వారి జీవితంలో వెతకాలి. తెరమీది సన్నివేశం ఒక్కటే దానిని వివరించలేదు.

'ఘాజీ'లోని లోపం తీరం లేకపోవడం. చిత్రమంతా తీరాన్ని కాపాడటం గురించే సాగుతుంది. కానీ కాపాడబడే తీరప్రజలు కనిపించరు. తూర్పు పాకిస్తాన్ కాందిశీకులుగా నౌకలోకి చేర్చుకున్న యువతి, పసిపాప మాత్రమే సామాన్య ప్రజలకు ప్రతినిధులు. వారు కూడా సైనికుల మానవత్వాన్ని చూపడానికే ఉపయోగపడ్డారు. విశాఖ నుంచి ఇచ్ఛాపురం వరకు ఆ సముద్రం మీదే బతికేవారికి సరిహద్దు, నౌకాదళం, నిషేధిత జలాలు రోజువారీ విషయాలు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు చేపలవేటకు వెళ్ళిన మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ ఉదంతం ఆధారంగా 2025 ఫిబ్రవరిలో 'తండేల్' వచ్చేదాకా, సముద్ర సరిహద్దును కూలికోసం దాటినవాడి వైపు నుంచి చూసే అవకాశం తెలుగు ప్రేక్షకుడికి రాలేదు. 'ఘాజీ' ఆ పని చేసి ఉండవలసిందని కాదు. కానీ ఒక్క పడవను, ఒక్క తీరగ్రామపు రాత్రిని చూపినా అది ఎవరి కోసం మునుగుతున్నదో తెలిసేది. నీటి లోపలి దృశ్యాలకు అయిన ఖర్చుతో పోలిస్తే దానికయ్యే ఖర్చు లెక్కలోనిది కాదు.

7. పరిశోధనకు సూచనలు

పై పరిశీలన నుంచి ప్రేక్షక స్పందన అధ్యయనాలకు మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, స్పందనలను సేకరించేటప్పుడు 'నచ్చింది', 'నచ్చలేదు' అన్న విభజనకు బదులు ఆ అభిప్రాయం లేమి గురించినదా, లోపం గురించినదా అని నమోదు చేయాలి. 'యుద్ధం చిన్నగా ఉంది' అన్న మాటకూ, 'ఇంటివాళ్ళు ఏమయ్యారో చెప్పలేదు' అన్న మాటకూ విలువ ఒకటి కాదు. రెండవది, పలాస, టెక్కలి, సోంపేట వంటి చోట్ల మాజీ సైనికులను, సైనికుల తల్లులను, భార్యలను, సైన్యానికి సిద్ధమవుతున్న యువకులను వేర్వేరు ప్రేక్షక వర్గాలుగా గుర్తించాలి. ఒకే ఇంట్లో కూర్చొని చూసినా తల్లి చూసే యుద్ధచిత్రం, కొడుకు చూసే యుద్ధచిత్రం ఒకటి కావు. కొడుకుకు అది రాబోయే ఉద్యోగం. తల్లికి అది రాని ఫోను.

మూడవది, స్పందనను కథాసంపదతో, మౌఖిక చరిత్రతో కలిపి చదవాలి. రంగం నుంచి నడిచి వచ్చిన తరం దాదాపు వెళ్ళిపోయింది. వారి మాటలు పిల్లల, మనవల జ్ఞాపకాలలో మాత్రమే మిగిలాయి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం వంటి చోట బర్మా వలస, సైనిక జీవితం, కాందిశీకుల ప్రయాణం వస్తువులుగా ఉన్న తెలుగు కథలను వెదికి క్రోడీకరించడం పరిశోధక విద్యార్థులు చేయదగిన పని. చిత్రాలు చూపనిది ఏమిటో చెప్పాలంటే ముందు ఆ జ్ఞాపకం ఏమిటో తెలియాలి.

8. ముగింపు

పరిమిత వ్యయం యుద్ధచిత్రానికి శాపం కాదు. 'ఎయిర్‌బోర్న్ క్రీడ్' దానివల్ల సిపాయి కంటిచూపుకు దగ్గరయింది. 'కంచె' దానివల్ల ఇద్దరు శత్రువులను ఒకే దళంలో పక్కపక్కన నిలపగలిగింది. 'ఘాజీ' దానివల్ల ఎదురుచూపును యుద్ధంగా చూపగలిగింది. ఈ మూడు చిత్రాలూ తడబడింది డబ్బు అక్కరలేని చోటనే. యుద్ధం ఎవరి పొలాల మీదుగా వెళ్ళిందో, సిపాయి ఏ కూలికోసం చేరాడో, ఏ తీరం కోసం నౌక మునిగిందో చూపడం దగ్గర అవి వెనుకబడ్డాయి.

భారీ చిత్రాల కాలంలో చిన్న యుద్ధచిత్రాన్ని 'పాపం, డబ్బు లేదు' అని మన్నించడమూ, 'స్థాయి లేదు' అని తోసిపుచ్చడమూ రెండూ విమర్శకు సులువైన దారులే. మొదటిది చిత్రాన్ని బాధ్యత నుంచి తప్పిస్తుంది. రెండవది దాని విజయాన్ని చూడనివ్వదు. సాంగ్‌షాక్ కొండల పోరాటాన్నీ, ఆ కొండల్లోనే రంగం నుంచి నడిచి వచ్చినవారి ప్రయాణాన్నీ కలిపి చెప్పే తెలుగు చిత్రం రేపు రావచ్చు. అది చిన్న చిత్రమే కావచ్చు. దానికి విమానాలు దొరికాయా అని అడగడం కంటే, ఆ దారిలో నడిచినవారు తెరమీదికి వచ్చారా అని ముందుగా అడగడం విమర్శ బాధ్యత.